పది రోజుల్లో రెడీ

కోతలు కొయ్యడానికి కూడా ఒక వరస ఉంటుంది. ముందు గడ్డి కోయాలి, తర్వాత చెట్టు, ఆ తర్వాతే కొండ. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పినదాన్ని, వరస తప్పితే నాకు నచ్చదు. ఆ శుక్రవారం ఈ గల్ఫ్ దేశంలో, షువైఖ్‌లో అన్వర్ బాషా గ్యారేజీలో నేను ఆ వరసలోనే పోయాను. కొండ సగం కోశాక దొరికిపోయాను.

సెలవు రోజు. షట్టరు సగం దించి ఉంది. లోపల నలుగురం. అన్వర్ బాషా రాయచోటి మనిషి, గ్యారేజీ అతనిదే. చిట్టి ఈ ఊళ్లోనే ఇంజనీరుగా పనిచేస్తోంది. ఒకప్పుడు మా కింద వాటాలో ఉన్న సుధారాణి కూతురు. టికెట్ పంపించి నన్ను కడప నుంచి పిలిపించింది ఆ పిల్లే. రక్తసంబంధం లేకపోయినా నన్ను అవ్వా అంటుంది. నాలుగో మనిషి ఏసమ్మ, రాజోలు నర్సు, నాతోపాటే ఈ దేశం వచ్చి ఇక్కడే పాతుకుపోయింది. ఒళ్లో కాగితం పరుచుకుని, ఉడకబెట్టిన శనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది.

మా మధ్యలో ముసుగేసిన బండి ఒకటి. చిట్టి కొత్తగా కొన్న పాత కారట. “అవ్వా, నువ్వు చూసి చెప్పాల” అంది. ముసుగు తియ్యకముందే నేను ఒక టైరు మీద కూర్చుని మొదలుపెట్టాను.

“ఇట్లాంటివి నాకు కొత్త కాదు నాయనా అన్వరూ. తొంభైలో నాకూ ఒకటి ఉండె. ఎర్రది, ఇద్దరే కూర్చునేది, టాపు మడిచేది. కన్వర్టిబుల్ అంటారు. అంటే ఏమి? రిక్షా టాపు చూసినావు గదా? ఎండకు వేస్తారు, చల్లపూట వెనక్కి తోస్తారు. అదే. కాకపోతే రిక్షాను ఒక మనిషి లాగుతాడు, దీన్ని అరవై గుర్రాలు లాగుతాయి. ఆ గుర్రాలు యాడుంటాయి? ఇంజన్లో. చేతులెత్తే పని లేదు, నేనే చెప్తా.”

“చెప్పు టీచరమ్మా” అన్నాడు అన్వర్ బాషా, టీ గ్లాసు నా చేతికిచ్చి.

“ఆ ఏడు వేసవి సెలవులకు మా ఆయన — మొగుడి పేరు చెప్పకూడదంటారు గానీ నేను చెప్తా, పెద్దన్న — పిల్లలిద్దర్నీ తీసుకుని కడపకు పోయినాడు. నన్నూ రమ్మన్నాడు. నేను పోలే. ఎందుకు? మా బళ్లో సైన్సు చెప్పే దొరసాని ఒకామె ఊరొదిలి పోతా, ‘నా పాత కారు ఎవరికైనా కావాల్నా’ అనింది. స్టాఫ్ రూములో ఇరవై ఇద్దరం. ఇరవై ఒక్కరు తలకాయలు దించుకున్నారు. నేనొకదాన్నే చెయ్యెత్తినా. పన్నెండేళ్లనుంచి నల్లబోర్డు మీద రైళ్లు నడిపిస్తా ఉండా. కడప నుంచి ఒక రైలు, గుంతకల్లు నుంచి ఒక రైలు, రెండూ యాడ కలుస్తాయి? అవి కలుసుకునేది చూసీ చూసీ విసుగొచ్చింది. నా చేత్తో నేను ఒక్కటన్నా నడపొద్దా?”

“నీకు లైసెన్సు ఉండెనా?” అన్నాడు అన్వర్ బాషా.

“ప్రశ్నలకు చివర్లో టైమిస్తా. కొన్న రోజు బండి స్టార్టు కాలే. నాకంటే వయసులో పెద్దది, దానికీ కీళ్లనొప్పులు ఉంటాయి గదా. ‘పది రోజుల్లో రెడీ’ అన్నా. దాని పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినా. ఆ తర్వాత ఏం చేసినానో తెలుసా? బానెట్‌కు చెవి ఆనించినా. బోర్డు వైపు తిరిగి రాసుకుంటానే, వెనక బెంచీలో గుసగుసలాడేది ఎవరో పట్టుకునేదాన్ని. నాలుగు సిలిండర్లలో దగ్గుతా ఉండేది ఏదో పట్టలేనా? మూడోది. ‘మూడో నెంబరూ, లేచి నిలబడు’ అన్నా. దగ్గు ఆగిపాయ.”

“యా అల్లా!”

మేమింకా గడ్డి దగ్గరే ఉన్నామని పాపం అతనికి తెలియదు.

“అది రిపేరు. మార్పులు వేరే. మామూలు బండి ఈ ఎండకు ఆగుతుందా? రేడియేటర్ అంటే ఇంజన్ వేడెక్కకుండా నీళ్లు తిరిగే తొట్టి. లోకమంతా అందులో నీళ్లు పోస్తుంది. నేను మజ్జిగ పోసినా. ఇంత అల్లం దంచి, కరేపాకు తుంచి, ఉప్పేసి. ఎండల్లో మనిషికి ఏది చలవో ఇంజనుకూ అదే చలవ. నలభై ఎనిమిది డిగ్రీల్లో బానెట్ మీద చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోయేవి. కార్బురేటర్‌కు ప్రెషర్ కుక్కర్ రబ్బరు బిగించినా. మూడు విజిళ్లకు కదిలేది.”

“మూడే ఎందుకవ్వా?” అంది చిట్టి, నవ్వు ఆపుకుంటూ.

“కందిపప్పుకు ఎన్ని? అంతే. ఇంక స్పీడు చెప్తా విను. షువైఖ్‌లో సరిగ్గా నాలుగుకు బయల్దేరితే, ఊరి ఆ కొసన మిష్రిఫ్ చేరేటప్పటికి నాలుగు కొట్టడానికి ఇంకా ఐదు నిమిషాలు ఉండేది.”

అన్వర్ బాషా వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నాడు. “నాలుగుకు బయల్దేరి నాలుక్కంటే ముందే ఎట్ల చేరతారమ్మా?”

“రుణసంఖ్యలు. ఏడో తరగతిలో ఉంటాయి. ఆ రోజు నువ్వు బడి ఎగ్గొట్టి ఉంటావు.”

అతను నిజంగానే తల గోక్కున్నాడు. ఏసమ్మ మాత్రం కాయ వెనక కాయ ఒలుస్తానే ఉంది, తల ఎత్తలేదు. ఆమె ఏమీ అనకపోయేసరికి నాకు ధైర్యం వచ్చింది. అక్కడే జాగ్రత్తపడి ఉండాల్సింది. బళ్లో కూడా అల్లరి చేసేవాళ్లతో భయం లేదు. చేతులు కట్టుకుని మాట్లాడకుండా వినే పిల్లతోనే.

“ఆగస్టు రెండో తేదీ, గురువారం. లేచి కిటికీ తీస్తే రోడ్డు మీద ఇరాక్ టాంకులు. బ్యాంకులు మూసేసినారు, దుకాణాలు మూసేసినారు, ఫోన్లు మూగబోయినాయి. రొట్టెకు మూడు గంటలు లైన్లో నిలబడాల. కింద వాటాలో సుధారాణి ఒక్కతే. ఏడో నెల. మొగుడు నాగేంద్రప్రసాద్ లీవుకు రాజంపేట పోయి అక్కడే చిక్కుకున్నాడు. ఆ పిల్ల మెట్లెక్కి వచ్చి, రెండు చేతులతో కడుపు పట్టుకుని, ‘టీచరక్కా, మనం ఎట్ల బయటపడేది?’ అనింది. నేనేమన్నా? ‘కారుంది గదా’ అన్నా.”

అక్కడొక నిమిషం ఆగాను. ఆ ముక్క చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ ఆగుతాను. ఇంక చెట్లు.

“బయల్దేరినాం. మొదటి చెక్‌పోస్టు. సిపాయి చెయ్యి చాపి ‘హవియ్యా’ అన్నాడు. అంటే గుర్తింపు కాగితం. నా ఇఖామా, ఈ దేశంలో ఉండే పర్మిట్టు, ఇంట్లో మర్చిపోయినా. సంచిలో ఆరో తరగతి పరీక్ష పేపర్లు ఉండె, అవే ఇచ్చినా. వాడు ఒక్కొక్కటే తిప్పి చూసి, ‘ఈ పిల్లోడికి సున్నా ఎందుకేసినావు?’ అన్నాడు. దశాంశ బిందువు చూపించినా. తప్పయిందని సెల్యూట్ కొట్టి వదిలినాడు. రెండో చెక్‌పోస్టులో రోడ్డుకు అడ్డంగా టాంకు. పైన మీసాల ఆఫీసరు. ‘వెనక్కి పో’ అన్నాడు. నేను సీట్లోంచి లేవకుండానే, ‘ఏడు తొమ్మిదులు?’ అన్నా. వాడు ఆకాశం వైపు చూసినాడు, బూట్ల వైపు చూసినాడు. ‘యాభై... యాభై...’ అన్నాడు. ‘గుంజీలు తియ్యి’ అన్నా. టాంకు మీదనే చెవులు పట్టుకుని తీసినాడు. భారీ మనిషి. వాడు కూర్చుంటే టాంకు దిగుతుంది, లేస్తే టాంకు లేస్తుంది. ఆ లేచిన సందులో కిందినుంచి దూరించినా బండిని.”

“టాంకు కింద నుంచి కారా!”

“టాపు మడిచి ఉంది గదా నాయనా. తలకాయలు వంచుకున్నాం.”

“ఏడో నెల కడుపుతో మా అమ్మ వంగిందా అవ్వా?”

“వంగలేదు, పడుకునింది. సీటు పూర్తిగా వాలేటట్టు జూలైలోనే మార్చి పెట్టినా. మార్పులంటే ఊరికే సోకుకు చేస్తారా?”

అన్వర్ బాషా ముసుగేసిన బండి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి గౌరవంగా చూశాడు. అటువంటి చూపు పడితే నేను ఆగలేను. చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు.

“బస్రా దాటినాం, బాగ్దాద్ దాటినాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెట్రోలు అయిపాయ. చుట్టూ ఇసుక. జోర్డాన్ ఇంకా ముప్పై మైళ్లు. తూర్పు నుంచి దుమ్ముగాలి లేస్తా ఉంది. ఇప్పుడేం చెయ్యాల? ఎవరన్నా చెప్తారా? టాపు! ఆ టాపు నేనే కుట్టినా. పాతది చీకిపోయి ఉంటే, సూక్‌లో అంటే బజార్లో గుడారాల బట్ట కొని, కొలతలు తీసి, గ్రాఫ్ కాగితం మీద గీసి, రెండు పొరలు పెట్టి, నా మిషన్ మీద కుట్టినా. మూడు సూదులు విరిగినాయి. ఆ టాపును పైకెత్తి వదిలినా. గాలి దూరింది. ముందు చక్రాలు లేచినాయి. వెనక చక్రాలు లేచినాయి. సుధారాణి నా కొంగు పట్టుకునింది. ఎగిరినాం.”

“ఎగిరినారా?” అతని గొంతు సన్నబడింది.

“గాలిపటం ఎట్ల ఎగురుతుంది? అట్లే. కింద మన వాళ్ల బస్సులు చీమల బారు మాదిరి పోతా ఉండె, చెయ్యి ఊపినాం. ఒక మబ్బు పక్క నుంచి పోతా ఉంటే సుధారాణి, ‘అక్కా, నొప్పులు’ అనింది. స్టీరింగు ఒక చేత, కాన్పు ఒక చేత. ఈ చిట్టి పుట్టింది ఆకాశంలో నాయనా! కిందికి దిగినాక జోర్డాన్ ఆఫీసరు కాగితం రాయబోయి, పుట్టిన ఊరు అనే గడి దగ్గర పెన్ను ఆపినాడు. ఊరు యాడిది? తలకాయ గోక్కుని గోక్కుని, ఊరికి బదులు ఎత్తు రాసినాడు. మూడు వేల అడుగులు!”

ఏసమ్మ చేతిలో ఒక శనక్కాయ టప్పుమంది.

“టీచరుగారండీ.”

“ఏమి ఏసమ్మా?”

“చిట్టి కాన్పు చేసింది నేనండి.”

నేను టీ తాగాను. గ్లాసులో టీ లేదు, అయినా తాగాను.

“మూడు వేల అడుగులూ లేదండి, మూడడుగులూ లేదండి. ఇసకలో మోకాళ్ల మీద కూర్చుని చేశానండి. ఆ మోకాళ్లు ఇప్పటికీ సలుపుతున్నాయండి.”

“అయితే కారు?” అన్నాడు అన్వర్ బాషా, చిన్నపిల్లవాడిలా.

“కారెక్కడిది బాబూ. ముగ్గురం బస్సులో వెళ్లాం. ఆ కారుకి ఇంజనే లేదు కదా.”

పట్టుబడ్డ పిల్లలు మూడు రకాలు. ఒకరు ఏడుస్తారు, ఒకరు పక్కవాడి పేరు చెబుతారు, ఒకరు ఇంకో అబద్ధం వెతుక్కుంటారు. నేను మూడో రకం. కానీ ఎదురుగా ఏసమ్మ కూర్చుంది.

“ఇంజన్ లేకపోవడమేమి, ఉండె” అన్నాను. “దుప్పటి మీద ఉండె. జూలైలో విప్పినా. ప్రతి ముక్కకూ సుద్దతో నెంబరేసినా. తిరిగి బిగిస్తే పదకొండు ముక్కలు మిగిలినాయి. భాగహారంలో శేషం మిగలొచ్చు గానీ ఇంజన్లో మిగలకూడదంట. మళ్లీ విప్పినా. ఈసారి పదహారు. మూడోసారి విప్పి అట్లే వదిలేసినా. కారు స్టార్టయింది లేదు. సెప్టెంబరులో పోయి చూస్తే ముక్కలూ లేవు, చక్రాలూ లేవు. బండి ఇటుకల మీద కూర్చోనుంది. ఎవరు ఎత్తుకుపోయినారో.”

అన్వర్ బాషా నవ్వి నవ్వి టైరు మీద నుంచి జారాడు. నాకూ నవ్వొచ్చింది. అంతటితో అయిపోయి ఉండేది. ఏసమ్మ కూడా అక్కడే ఆగిపోయింది. ఇన్నేళ్లుగా ఆమె అక్కడే ఆగుతుంది. అది నా మీద దయ. కానీ చిట్టి నవ్వలేదు.

“మరి మా అమ్మ ముందు బస్సులో ఎందుకు పోలేదవ్వా? ఆగస్టులోనే బస్సులు పోయినాయంట గదా. ఎప్పుడడిగినా అమ్మ మాట మారుస్తుంది.”

లెక్క తప్పు చేసిన పిల్లల్ని బోర్డు దగ్గరికి పిలిచి, అందరి ముందూ మళ్లీ మొదటి నుంచి చేయించేదాన్ని. ఇప్పుడు నా వంతు.

“ఆగస్టు మూడో వారంలో బస్సుకు పేర్లు రాసుకున్నారు. కడుపుతో ఉందని మీ అమ్మకు ముందు సీటు ఇచ్చినారు. నేను పోయి, ‘ఆ కుదుపులు నువ్వు తట్టుకోలేవు సుధా, పది రోజుల్లో కారు రెడీ, నేను తీసుకుపోతా’ అన్నా. టీచరు అబద్ధం చెప్పదనుకుని ఆ పిల్ల సీటు వేరేవాళ్లకు వదిలేసింది. అప్పటికి ఇంజన్ దుప్పటి మీదనే ఉంది. నాకు తెలుసు. తెలిసే అన్నా. ‘నాకు రాలేదు, నాతో కాలేదు’ అనే మాట నోటికి రాలే. ఆ పది రోజులు నెల అయినాయి. మళ్లీ సీటు దొరికేటప్పటికి మీ అమ్మకు తొమ్మిదో నెల పడింది.”

షట్టరు కింద నుంచి ఎండ మా చెప్పుల దాకా వచ్చింది.

“మిగతాది నేను చెప్తానండి” అంది ఏసమ్మ, ఒళ్లో కాగితం పక్కన పెట్టి. “ఇరాక్‌కీ జోర్డాన్‌కీ మధ్య, ఎవరిదీ కాని నేల అమ్మా అది. వేలమంది జనం. గుడారాలన్నీ నిండిపోయాయి. మిట్టమధ్యాహ్నం మీ అమ్మకి నొప్పులొచ్చేశాయి. చెట్టు లేదు, గోడ లేదు. చెడిపోయిన లారీ ఒకటుంది గానీ ఆ టైముకి దానికీ నీడ లేదు. ఇసక మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కేది. తల్లీబిడ్డా ఇద్దరూ దక్కరనే అనుకున్నాను. అప్పుడు టీచరుగారు సంచిలోంచి టాపు తీశారు.”

“కారు పోయినాక టాపెట్ల మిగిలింది?” అన్నాడు అన్వర్ బాషా. ఇప్పుడతను పెద్దవాళ్లలా అడిగాడు.

“అది కారుకు పట్టలే” అన్నాను. “నాలుగు పక్కలా రెండేసి వేళ్లు పొట్టి. కొలత తప్పు కాదు నాయనా, మిల్లీమీటరు తేడా లేకుండా తీసినా. ఆ కొలతకే కోసినా. కుట్టులోకి మడత పోతుందని పాతిక జాకెట్లు కుట్టిన ఏ ఆడపిల్లకైనా తెలుసు. నా జాకెట్లు ఎప్పుడూ దర్జీ కుట్టేవాడు. సరిచేద్దామని ఇంటికి తెచ్చిపెట్టుకున్నా. సరిగ్గా పట్టి ఉంటే చక్రాలతోబాటే పోయేది. బస్సెక్కేటప్పుడు సంచిలో ఎందుకు కుక్కినానో నాకే తెలీదు. మొత్తం కారులో నేను పూర్తిచేసింది అదొక్కటే, అదీ తప్పే.”

“రెండు కొసలు లారీ కమ్మీకి కట్టాం” అంది ఏసమ్మ. “రెండో వైపు కట్టడానికి ఏమీ లేదు. ఈవిడ చెరో చేత్తో చెరో కొస పట్టుకుని, చేతులు పైకెత్తి నిలబడ్డారు. నాలుగ్గంటలు. ‘నేను పట్టుకుంటా, కాసేపు దించండి’ అని ఎవరో వస్తే, పొమ్మని కసిరారు. పిల్ల ఏడ్చాక కూడా దించలేదు. నేనే వెళ్లి వేళ్లు విడదీయాల్సొచ్చింది. ఇన్ని కోతలు కోస్తారా, ఇది మాత్రం ఒక్కనాడు చెప్పరు!”

“అందులో చెప్పడానికి ఏముంది?” అన్నాను. “చేతులు పైకెత్తి ఎండలో నిలబడటం. హోంవర్కు చేయనివాళ్లకు నేను వేసే శిక్షే అది.”

చిట్టి లేచింది. నా దగ్గరికి వస్తుందేమో, ఏదో అంటుందేమో అని నేను చూపులు నేల మీద పెట్టుకున్నాను. రాలేదు. బండి ముసుగు కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఎర్రటి కారు. ఇద్దరే కూర్చునేది. రంగు వెలిసి, దీపాలు ఊడి, టాపు ఉండాల్సిన చోట వట్టి కడ్డీలు. నా కారు అక్క లాగో చెల్లెలు లాగో ఉంది.

చిట్టి జేబులోంచి కొలత టేపు తీసి నా ఒళ్లో వేసింది.

“టాపు నువ్వే కుట్టాల అవ్వా. ఈసారి మడత వదులు.”

నేను లేచాను. కొలిచాను. ముందు కొలిచాను, వెనక కొలిచాను, రెండుసార్లు. నాలుగు పక్కలా రెండేసి వేళ్లు కలిపి, అన్వర్ బాషా ఇచ్చిన సుద్దముక్కతో గోడ మీద రాశాను. కళ్లు తడిగా ఉండి అంకెలు అలుక్కుపోయాయి, మళ్లీ రాశాను. చేతికంటిన సుద్ద దులుపుకుని, టీచరు గొంతుతోనే అడిగాను.

“ఇంతకీ బండి ఎప్పటికి సిద్ధమవుతుందే?”

అన్వర్ బాషా బానెట్ ఎత్తాడు. లోపల నుంచి గ్యారేజీ నేల కనిపించింది. పక్కన బల్ల మీద, పాత దుప్పటి మీద, ముక్కలు ముక్కలుగా ఇంజను.

చిట్టి ఆ ముక్కల వైపు చూడకుండా నా కళ్లలోకే చూస్తూ చెప్పింది.

“పది రోజుల్లో రెడీ అవ్వా!”

ఏసమ్మ శనక్కాయ తొక్కలన్నీ కాగితంలో పొట్లం కట్టి, మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా లేచింది.

“మీ అవ్వామనవరాళ్లు కార్లో వచ్చేయండమ్మా. నేను బస్సుకే వెళ్తాను.”